పట్నం దాకా వచ్చిన అధికారం మన వాడకు ఎందుకు రాలేదు?

(మండల కేంద్రంలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నిర్వాహకులు మాకిచ్చిన విషయం "అధికార వికేంద్రీకరణ - ప్రాంతీయ స్వపాలన". మేము బడిపంతుళ్లం, పెద్ద మాటలను చిన్నగ చేసి చెప్పడమే మా పని. మన భాషల చెప్పుకుంటే ఇది పెత్తనం ముచ్చట. పెత్తనం దూరమున్నోని చేతిల ఉండాల్నా, దగ్గరున్నోని చేతిల ఉండాల్నా? దేశమంతా ఈ రెండింటి మీదనే కొట్లాడుతున్నది. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు రావాలె, హైదరాబాద్ నుంచి జిల్లాకు రావాలె, జిల్లా నుంచి ఊరికి రావాలె అంటరు. బాగనే ఉన్నది. కాని మాలపల్లె, మాదిగవాడల నుంచి వచ్చిన మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటున్నది. ఆ దగ్గరున్నోడు ఎవడు? వాని చెల్కల మనం కూలికి పోతున్నమా? వాని దగ్గర మనం అప్పున్నమా? ఇది అడగకుండ వికేంద్రీకరణ గురించి ఎంత మాట్లాడినా అది దొరలు దొరలు పంచుకునే ముచ్చటే అవుతది.

ఈ ప్రశ్న ఇయ్యాలటిది కాదు. 1947లో ఇంగ్లీషువాళ్లు పోతున్నప్పుడు మన హైదరాబాద్ సంస్థానం ముందు అతి పెద్ద ప్రాంతీయ స్వాతంత్ర్య చర్చ నడిచింది. నిజాం హిందుస్థాన్‌లో కలువను, ఆజాద్ హైదరాబాద్‌గ ఉంటనన్నడు. అప్పుడు మన నాయకులు ఎటు నిలబడ్డరో చరిత్ర పుస్తకాలల్ల ఎక్కువ రాయరు. బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రభుత్వంలో మంత్రిగ ఉన్నడు. అణగారిన కులాల పిల్లల చదువుకోసం కోటి రూపాయల నిధి ఆ రోజుల్లోనే పెట్టించిండ్రు. శ్యాంసుందర్ 1948లో నిజాం ప్రతినిధి బృందంల ఐక్యరాజ్యసమితి దాకా పోయిండు. ఇంకో దిక్కు జె.హెచ్. సుబ్బయ్య లాంటివాళ్లు బాబాసాహెబ్ బాటల ఉన్నరు. బాబాసాహెబ్ 1947 నవంబర్‌లోనే ప్రకటన ఇచ్చి, నిజాం పక్షాన నిలబడొద్దని సంస్థానంలోని మనవాళ్లకు చెప్పిండు.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడానికి ఇది ఎత్తుకోలేదు. మనవాళ్లు రెండు దిక్కులా ఎందుకు చీలిపోయిండ్రో చూడాలె. ఆజాద్ హైదరాబాద్ అన్నోడు మనకు భూమి ఇస్తనని అనలేదు. హిందుస్థాన్‌లో కలపాలన్న అగ్రవర్ణ నాయకుడు వెట్టి తీసేస్తనని పత్రం రాసియ్యలేదు. రెండు పక్కలా రాజ్యం ఎవరిదన్న గొడవనే తప్ప, ఆ రాజ్యంల మాదిగోని వాటా ఎంతన్న లెక్క లేదు. లెక్క లేనికాడ ఎవరికి దొరికిన దారి వాళ్లు పట్టుకుంటరు.

1956కు వద్దాం. తెలంగాణను ఆంధ్రలో కలపడానికి ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఒప్పందం రాసుకున్నరు. దాన్ని పెద్దమనుషుల ఒప్పందమన్నరు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఆ ఎనిమిది మందిల మాల లేడు, మాదిగ లేడు. మంత్రి పదవులు ఎవరికెన్ని, ఉద్యోగాలు ఎవరికి, భూముల అమ్మకం మీద కట్టడి ఎట్లా, అన్నీ మాట్లాడుకున్నరు. భూమి అమ్మెటోని గురించి, కొనెటోని గురించి మాటున్నది. దాన్ని దున్నెటోని గురించి లేదు. తర్వాత ఆ ఒప్పందాన్ని తొక్కిండ్రని తెలంగాణ పెద్దలు ఏండ్లకేండ్లు మొత్తుకున్నరు. నిజమే, తొక్కిండ్రు. మనతోని మాత్రం తొక్కడానికి కూడ ఒక ఒప్పందం ఎవరూ చేసుకోలేదు.

అంతకు కొద్ది నెలల ముందే, 1955లో బాబాసాహెబ్ భాషారాష్ట్రాల మీద ఒక చిన్న పుస్తకం రాసిండు. చదువుకున్న పిల్లలు తప్పకుండ చదవాలె. భాషకొక రాష్ట్రం అని గీతలు గీస్తే ప్రతి రాష్ట్రంల ఒకటో రెండో పెద్దకులాలు భూమి, ఉద్యోగం, వ్యాపారం అన్నీ పట్టుకుని కూసుంటయని చెప్పిండు. ఉదాహరణకు ఆంధ్రనే తీసుకుని, అక్కడి రెండు కులాల పేర్లు పెట్టి మరీ రాసిండు. అయినా ఆయన చిన్న రాష్ట్రాలకు వ్యతిరేకి కాదు. ఉత్తరప్రదేశ్‌ను మూడు చేయాలన్నడు, మహారాష్ట్రను నాలుగు చేయాలన్నడు. పెద్ద రాష్ట్రంల పెద్దకులం బరువు కొండంత అవుతదని, చిన్న రాష్ట్రమైతే మైనారిటీకి కొంత ఊపిరి ఆడుతదని ఆయన లెక్క. అంటే చిన్న రాష్ట్రం కావాలన్నడు, దాంతోపాటే రక్షణలు కూడ కావాలన్నడు. మన నాయకులు మొదటి సగం బాగ పట్టుకుని బ్యానర్ల మీద ఆయన బొమ్మ వేసిండ్రు. రెండో సగం గోదాట్ల కలిపిండ్రు.

తర్వాత 1982లో తెలుగువాళ్ల ఆత్మగౌరవం అన్న మాట పుట్టింది. ఢిల్లీ పెత్తనం మీద పుట్టిన మాట అది. పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, మండలాలు వచ్చినయి. అవి మంచి పనులే, మేము కాదనం. కాని ఆ ఆత్మగౌరవ పాలనలోనే 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపిండ్రు. చంపినోళ్లు ఢిల్లీ నుంచి వచ్చినోళ్లు కాదు. అదే ఊరోళ్లు, అదే తెలుగు మాట్లాడెటోళ్లు. ప్రభుత్వం మారినంక 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది మాలలను చంపి కాలువల పడేసిండ్రు. తెలుగోళ్లు తెలుగోళ్లను చంపితే అప్పుడు ఆత్మగౌరవం ఎవరిది పోయినట్టు?

ఇక తెలంగాణ. ఇక్కడ ఉన్నోళ్లల్ల సగంమంది ఆ ఉద్యమంల తిరిగినోళ్లే. 1969లో టి.ఎన్. సదాలక్ష్మి, ఈశ్వరీబాయి లాంటి మన ఆడబిడ్డలు ముందుండి నడిచిండ్రు. 1997లో సూర్యాపేటలో తెలంగాణ మహాసభ పెట్టిన మారోజు వీరన్న, తెలంగాణ వస్తే అది ఎవరి తెలంగాణ అని అడిగిండు. 1999లో ఆయనను ఎన్‌కౌంటర్‌ పేరుతోటి చంపిండ్రు. భౌగోళిక తెలంగాణ సరిపోదు, సామాజిక తెలంగాణ కావాలన్న మాట మనోళ్లదే. ఆ తర్వాత ఊరూర డప్పు మోగింది. డప్పు మనది, గోసి గొంగడి మనది, గొంతు మనది. రైలుపట్టాల మీద, యూనివర్సిటీల ముందట దెబ్బలు తిన్నది మన పిల్లలు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్నరు. కాలేదు. సమైక్య రాష్ట్రంల 1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయితే అయిండు గాని, సొంత రాష్ట్రంల ఇప్పటికీ ఆ ముచ్చట తీరలేదు. భూమి లేని దళితులకు మూడెకరాలన్నరు, 2014 ఆగస్టు 15న పథకం మొదలుపెట్టిండ్రు. లక్షల కుటుంబాలు ఎదురుచూస్తే అందింది కొన్ని వేల కుటుంబాలకు. మేము తెలంగాణ వద్దన్నోళ్లం కాదు, ఇప్పుడూ అనం. గురుకులాలు పెరిగినయి, మన పిల్లలు ఇంగ్లీషు చదువుతున్నరు. పైరవీ లేకుండ సర్కారు కొలువు కొట్టిన పిల్లలు మా బడి నుంచి కూడ ఉన్నరు. దాన్ని చిన్నగ చూడొద్దు. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మేము, గురుకులం విలువ మాకు వేరేవాళ్లు చెప్పాల్సిన పని లేదు. మరి ఢిల్లీని అడిగి తెచ్చుకున్న అధికారం హైదరాబాద్‌ల ఎందుకు ఆగింది? మా అధికారం మాకియ్యలేదని అరవై ఏండ్లు అడిగినోళ్లు, అధికారం చేతికి రాంగనే కిందికి ఎందుకు వదల్లేదు? అది చూడాలంటే మన ఊరి పంచాయతీ ఆఫీసు గడప ఎక్కాలె.

పంచాయతీ అంటే బాబాసాహెబ్‌కు ఎందుకు భయముండెనో మొదట చెప్పుకుందాం. 1932లో బొంబాయి కౌన్సిల్ల గ్రామ పంచాయతీల బిల్లు వస్తే, అంటరానివాళ్లకు సీట్లు రిజర్వు చేయకుండ పంచాయతీకి అధికారం ఇస్తే ఒప్పుకోమని లేచి చెప్పిండు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల, గ్రామమే దేశానికి ఆత్మ అని పాడెటోళ్ల మొహం మీదనే, ఊరంటే సంకుచితం, అజ్ఞానం, మతతత్వం అని అన్నడు. చాలామందికి కోపం వచ్చింది. ఆయన రాసిన ముసాయిదాల పంచాయతీ మాటనే లేకుండె. తర్వాత సవరణ తెస్తే ఒప్పుకున్నడు, అదే 40వ అధికరణం. నలభై ఏండ్లు దాటినంక 73వ సవరణ వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలయింది. బాబాసాహెబ్ 1932లో అడిగిన రిజర్వేషన్ దాంట్ల 243-డి అధికరణంగ ఉన్నది. జనాభా ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు సర్పంచ్ పదవులు, వార్డులు, ఆడవాళ్లకు మూడో వంతుకు తక్కువ కాకుండ. 29 విషయాలు పంచాయతీలకు అప్పజెప్పొచ్చని పదకొండో షెడ్యూలు చెప్పింది. చెప్పొచ్చన్నది, చెప్పాలె అనలేదు. ఎన్ని వదలాలె, ఎంత వదలాలె అన్నది రాష్ట్రం ఇష్టం. అక్కడ మొదటి తాళం పడ్డది.

రెండో తాళం మన కండ్లముందే పడ్డది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం పెట్టింది. ఇద్దరుంటే అవినీతి తగ్గుతదన్నరు. వినడానికి బాగుంటది. సర్పంచ్ పదవి ఎస్సీకి రిజర్వు. ఉపసర్పంచ్‌కు రిజర్వేషన్ లేదు, వార్డు మెంబర్లు తమలో నుంచి ఎన్నుకుంటరు. మరి ఎవరయితరు? పటేల్ ఇంటి మనిషి, లేకుంటే ఆయన నిలబెట్టిన మనిషి.

ఒక ఊరి ముచ్చట చెప్త. పేరు చెప్పను, ఆ అక్క ఇంకా అదే ఊర్ల బతకాలె. 2019ల ఎస్సీ మహిళ రిజర్వేషన్ వచ్చి ఆమె గెలిచింది. కైకిలికి పోయే మనిషి. మన వాడల మోరీ కట్టిద్దామని తీర్మానం రాపిచ్చింది. పని అయింది. చెక్కు రాసినంక ఉపసర్పంచ్ సంతకం కోసం ఇంటికి పోతే రేపు రమ్మన్నడు. రేపు పోతే బావికాడికి పోయిండన్నరు. బావికాడికి పోతే, "నేను పిలిపిస్త, అప్పుడు రా" అన్నడు. పదకొండు సార్లు తిరిగిందట. పైసలు పెట్టుబడి పెట్టింది వాళ్ల తమ్ముడు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. ఆఖరికి ఎట్ల సంతకం అయిందో తెలుసా? ఊరి నడుమ సీసీ రోడ్డు బిల్లు ముందుగాల పెడితే, మోరీ బిల్లు వెనక పెడ్తనన్నడు. ఆ రోడ్డు ఎవరి ఇంటి ముందు నుంచి పోతదో మేము చెప్పాల్సిన పని లేదు. ఆమె తప్పు చేయలేదు, చట్టం తప్పలేదు, ఉపసర్పంచ్ కూడ చట్టం దాటలేదు! అందరూ చట్టం ప్రకారమే నడిచిండ్రు. చట్టం ప్రకారమే ఆమె పదకొండు సార్లు వాకిట్ల నిలబడ్డది.

దీనికి తోడు పెండింగు బిల్లులు. ట్రాక్టర్ కొనుమన్నరు, వైకుంఠధామం కట్టుమన్నరు, ప్రకృతివనం పెట్టుమన్నరు. కట్టకపోతే కలెక్టర్ సస్పెండ్ చేస్తడు. కట్టినోళ్లకు బిల్లులు రాలేదు. పది ఎకరాలున్న సర్పంచ్ ఒక ఎకరం అమ్మి తట్టుకున్నడు. ఏమీ లేని మన సర్పంచ్ పెండ్లాం మెడలోది అమ్ముకున్నడు. బాధ్యత మాత్రం ఊరికి దించి పైసలు పట్నంల పెట్టుకుంటే దాన్ని వికేంద్రీకరణ అనొద్దు. అది మన మీద మోపిన మూట.

మూడోది చట్టంల లేని పంచాయతీ. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ దిక్కు పోయిండ్రా? అక్కడ గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటయి, వీడీసీ అంటరు. ఓట్లతో ఎన్నికైనయి కావు, ఏ చట్టంల లేవు. కాని బెల్టు షాపు వేలం వాళ్లే పాడుతరు, ఇసుక లెక్క వాళ్లే చూస్తరు, జరిమానాలు వాళ్లే వేస్తరు. మాట వినని దళితులకు కిరాణం బంద్, పాలు బంద్, పనికి పిలుసుడు బంద్. ఎన్నికైన సర్పంచ్ ఆ కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడుతడు. స్థానిక స్వపాలనకు ఇంతకంటే పచ్చి ఉదాహరణ ఉంటదా? ఢిల్లీ అడ్డం లేదు, హైదరాబాద్ అడ్డం లేదు, కలెక్టర్ అడ్డం లేదు. ఊరే రాజ్యం. ఆ రాజ్యంల మనం ఉప్పు కొనుక్కోలేం.

సర్పంచ్ పదవి వేలం పాట గురించి వేరే చెప్పను, మీకే బాగ తెలుసు. గుడికి ఇన్ని లక్షలంటే ఏకగ్రీవమంటరు, ఏకగ్రీవమైతే నజరానా అని ప్రభుత్వమే ప్రకటిస్తది. మనోనికి పదవి రిజర్వు అయినకాడ కూడ మనోని పేరు మీద పైసలు పెట్టేది ఇంకొకడు.

ఇది తెలంగాణ రోగమే అనుకోవద్దు. తమిళనాడుల, ద్రవిడ స్వాభిమానం గురించి దేశానికే పాఠం చెప్పిన చోట, మేలవళవు పంచాయతీ దళితులకు రిజర్వు అయితే, గెలిచిన అధ్యక్షుడు మురుగేశన్‌నూ ఆయన తోటివాళ్లనూ 1997 జూన్ 30న పట్టపగలు నరికి చంపిండ్రు. పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం అనే ఊర్లల్ల పదేండ్లు, 1996 నుంచి 2006 దాకా, దళిత అధ్యక్షున్ని కూసోనియ్యలేదు. ఢిల్లీ హిందీ పెత్తనం చేస్తుందని కొట్లాడినోళ్ల నేల అది. ఆ కొట్లాట ఒప్పే. కాని ఊరి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఇప్పుడు మనోళ్లల్లనే కొందరు పెద్దలు ఒక మాట అంటరు. "సారూ, ఈ వికేంద్రీకరణ మనకొద్దు. ఊరోడి కంటే కలెక్టర్ నయం, కలెక్టర్ కంటే ఢిల్లీ నయం. 1989ల అట్రాసిటీ చట్టం ఢిల్లీ నుంచే వచ్చింది గద." దీంట్ల సగం నిజమున్నది. దెబ్బ తగిలినప్పుడు మనం పరుగెత్తేది పైకే. కాని రెండో సగం కూడ చూడాలె. 2024 ఫిబ్రవరిల పంచాయతీల గడువు అయిపోయింది. 2025 డిసెంబర్‌ల ఎన్నికలయ్యేదాక, రెండేండ్లకు దగ్గర, ప్రత్యేకాధికారుల పాలనే. ఆ సార్లకు ఒక్కొక్కరికి ఎన్నో ఊర్లు. మన వాడల బోరు మోటరు కాలిపోతే ఎవరిని అడిగినం? ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు కూడ ఆపింది. సర్పంచ్ చెడ్డోడైతే మల్ల ఎన్నికలల్ల దించొచ్చు, కనీసం వాకిట్లకు పోయి తిట్టొచ్చు. రాని ఆఫీసర్‌ను ఎట్ల తిడ్తం?

మేము అనేది ఇది. చట్టం బలం పైన ఉండాలె, పైసల బలం కింద ఉండాలె. ఊరికిచ్చే ప్రతి అధికారానికి మన రక్షణ కట్టి పంపాలె, రక్షణ లేకుంటే బాబాసాహెబ్ 1932ల లేచినట్టు మనం కూడ లేవాలె. రక్షణ అంటే కుర్చీ ఒక్కటే కాదు, కుర్చీతోపాటు సంతకం.

ఇంకొకటి గమనించిండ్రా? 2018ల నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు అయినయి, తండాలు, గూడేలు చాలా పంచాయతీలయినయి. మా తండాల మా రాజ్యం అని లంబాడోళ్లు ఎన్నో ఏండ్లు కొట్లాడి సాధించుకున్నరు. మంచిది, వాళ్లకు దండాలు. గోండులు మావ నాటె మావ రాజ్ అంటరు. వాళ్లకు 1996 పెసా చట్టమున్నది, అమలు సక్కగ లేకున్నా చేతిల కాగితమైతే ఉన్నది. మరి మన వాడ? ఊరికి ఒక మూలకు మనల్ని పెట్టింది ఊరే. విడిగ పెట్టింది గాని విడి అధికారం ఇయ్యలేదు. నీళ్లకు విడి, శ్మశానానికి విడి, పంచాయతీకి మాత్రం కలిపి. దళితులకు వేరే ఊర్లు కావాలని 1942ల నాగపూర్ మహాసభల బాబాసాహెబ్ తోటి మనవాళ్లు తీర్మానం చేసిండ్రు. అప్పుడది అతిగ అనిపించింది కొందరికి. మేము ఇప్పుడు వేరే ఊరు అడుగుతలేం. కనీసం వాడకట్టుకు ఒక వాడసభ, ఆ సభ ఒప్పుకుంటేనే ఎస్సీ ప్రత్యేక నిధి పైసలు ఖర్చుపెట్టాలన్న నిబంధన అడగొచ్చు గద. 2013ల ఉమ్మడి రాష్ట్రంల సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, 2017ల తెలంగాణల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమయింది. ఆ లెక్కలు అసెంబ్లీల చదువుతరు. మన వాడల ఎవరూ చదవరు.

మనల మనం కూడ ఒక మాట అనుకోవాలె. 1994ల ఈదుమూడి నుంచి మాదిగ దండోరా లేసినప్పుడు మన పెద్దలల్ల చాలామంది, ఐక్యత దెబ్బతింటది, ఇప్పుడు కాదు అన్నరు. ఆ మాట మాకు ఎక్కడనో విన్నట్టున్నది. తెలంగాణ అడిగితే ఢిల్లీ గట్లనే అన్నది. దగ్గరున్నోడు పంచాలె అన్నది మనకు కూడ వర్తిస్తది, మన కింద ఉపకులాలున్నయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చన్నది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణల అది అమలుకొచ్చింది. ఇంకా దాని మీద కోపాలున్నోళ్లు ఈ సభల ఉన్నరు, మాకు తెలుసు. కోపం ఉండనీ, కాని ఒకే పందిరి కింద కూసొని మాట్లాడుకుందాం. ఇంట్ల ఆడవాళ్ల ముచ్చట కూడ అంతే. సర్పంచ్ ఆమె అయితే మీటింగుకు మొగడు వస్తడు. పటేల్ చెక్కు ఆపితే పెత్తనమంటున్నం, మొగడు చెక్కుబుక్కు జేబుల పెట్టుకుంటే ఏమంటం? (చెల్లెండ్లు నవ్వుతున్నరు, అన్నలు నవ్వుతలేరు.)

ఇక పని మాట. 2025 డిసెంబర్‌ల మన మండలంల గెలిచిన దళిత సర్పంచులు ఇక్కడ కొందరున్నరు. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె. గుడి కాడ కాదు, బడి కాడ పెట్టుండ్రి, మనోళ్లు గుంజకు ఆనుకుని నిలబడకుండ కింద కూసొని మాట్లాడేటట్టు. ఉపసర్పంచ్ సంతకం ఆపిన ప్రతి చెక్కును తేదీతో సహా నోటుబుక్కుల రాసిపెట్టుండ్రి. ఎన్నిసార్లు తిరిగిండ్రో అది కూడ రాయుండ్రి. ఆ బుక్కులన్నీ కలిపి జిల్లా పంచాయతీ అధికారి దగ్గరికి పోదాం, అక్కడ కాకుంటే కోర్టుకు పోదాం. దళితులకు రిజర్వు అయిన పంచాయతీలల్ల ఈ జంట సంతకం తీసెయ్యాలన్నది మన మొదటి డిమాండు. వీడీసీ జరిమానా వేసిన కుటుంబం ఏదన్న ఉంటే కాగితం ముక్క మీదనైనా సరే తెచ్చియ్యుండ్రి, మేము దరఖాస్తు రాసిస్తం, స్టేషన్‌కు మేమే తోలుకపోతం. వచ్చే రెండో ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసుల కూసుంటం. సర్పంచులు క్యాష్‌బుక్కు జిరాక్సు తెచ్చుకోండ్రి. అన్నం అక్కడనే.

జై భీమ్.